గడప బయటి పెట్టె

మావా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నాకు అక్షరం రాదు కనుక మన మనవరాలు మౌనిక చేత ఇది రాయిస్తున్నాను. ఫిర్యాదు దాని మీదే, రాసేదీ అదే.

నిన్న విజయనగరం నుంచి ఆటోలో పెద్ద బల్ల తెచ్చింది. తిన్నగా ముందుగదిలో, నీ ఫొటో కింద వేయించింది. దాని మీద నాపరాయి పరిచి, తోలు చుట్ట విప్పింది. ఇంట్లోనే సంచులు కుట్టి అమ్ముతుందట.

"ఒసే, తోలు ఇంట్లోకి తెస్తావేటే? మీ తాత ఏనాడైనా తెచ్చినాడేటి?" అని అరిచాను.

నీకు తెలుసు కదా. చెప్పులు కుట్టే సామాను గడప దాటితే ఇల్లు ఖాళీ చెయ్యమంది, నెల్లిమర్లలో మనకు ఇల్లు అద్దెకిచ్చినావిడ. అప్పటి నుంచీ నీ సామాను పెట్టె అరుగు మీదే ఉంది.

మౌనిక పని ఆపి నా మొహం చూసింది.

"అది అద్దిల్లు మామ్మా. ఈ ఇల్లు తాత కట్టిందే గదా. ఇక్కడ ఒద్దన్నదెవులు?"

ఎవరూ అనలేదు మావా. సొంతింట్లోకి వచ్చిన రోజు కూడా నువ్వు పెట్టెను అరుగు మీదే దించావు. వాన పడుతుందని నేను దాని మీద గోనె కప్పాను. లోపలికి తెద్దామని మన ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. ఇన్నేళ్లూ! లేచి అరుగు మీదికి వెళ్లి పెట్టె ఎత్తబోయాను.

"నేనూ ఓ చెయ్యెయ్యనా మామ్మా?"

"నీ బల్ల నువ్వు సూసుకోవే."

పెట్టె నేనే మోసుకొచ్చాను. నీ తోలు కత్తీ, దబ్బనమూ తుడిచి బల్ల మీద పెట్టాను.

అరుగు ఖాళీ అయింది. అటు చూసినప్పుడల్లా ఉలిక్కిపడుతున్నాను.