రెండూ పదికి ఎర్రగీత

గాజులరామారం,
ఆదివారం మధ్యాహ్నం

అన్నయ్యకు నమస్కారాలు.

నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ వదినా అమ్మా బాగున్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? చిన్నిది ఏడవకుండా బడికెళుతోందా? నువ్వు కూడా పొద్దస్తమానం షాపులో మోటార్ల ముందు వంగి కూర్చోకు, నడుం పట్టేస్తుంది. ఇదంతా ఫోనులో అడగొచ్చు కదా అంటావు. ఫోనైతే అమ్మ పక్కనే ఉంటుంది, నా గొంతు వినగానే ఏమైందే అంటుంది. అందుకే ఉత్తరం. బాగానే ఉన్నాను అన్నయ్యా. అలసిపోయాను, అంతే.

పొద్దున చలి, పదింటికల్లా ఎండ. బోరు నీళ్ళకి జుట్టు ఊడిపోతోంది. మేడ్చల్‌లో కంపెనీకి వెళ్ళాలంటే రెండు బస్సులు మారాలి. నిలబడి కునుకు తీయడం కూడా నేర్చుకున్నాను. వదిన ఇచ్చిన చింతకాయ పచ్చడి సీసా అడుగంటింది. ఇంటివాళ్ళావిడ మంచిదే కానీ కూరలో వేసే కారానికి కళ్ళ వెంట నీళ్ళొస్తాయి. ఆ నీళ్ళు కారానివే అని నాకు నేను చెప్పుకుంటాను.

అసలు సంగతి రాస్తాను. మా కంపెనీలో అట్టపెట్టెలు చేస్తారని చెప్పానుగా. ఆ మిషనుని నడిపే పెట్టె ఒకటుంది, పీఎల్‌సీ అంటారు. మిషను ఎప్పుడు తిరిగిందీ, ఎప్పుడు ఆగిందీ దానికి తెలుసు. ఆ లెక్క ఆఫీసులో కంప్యూటరు మీద కనపడాలన్నారు మేనేజరు గారు. సాఫ్ట్‌వేరు కొనే మాట మాత్రం ఎత్తొద్దన్నారు. సరేనని నెట్ సెంటర్లో కూర్చుని వెతికితే దొరికింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళెవరో రాసి, అందరూ వాడుకోండి, లోపల విప్పి చూసుకోండి, కావాలంటే మార్చుకోండి అని పెట్టేశారు. స్టోర్సులో మూలపడేసిన కంప్యూటరులో అది ఎక్కించి, పీఎల్‌సీ నుంచి వైరు లాగాను. మూడు వారాలు పట్టింది. మిషను తిరుగుతుంటే పచ్చగీత, ఆగితే ఎర్రగీత. మొదటిసారి గీత కదిలినప్పుడు నువ్వు పక్కన ఉంటే బాగుండుననిపించింది.

ఆగితే కారణం కూడా చూపించాలి కదా. మిషను మీద ఉండేవాళ్ళు రాసే షిఫ్టు పుస్తకంలో ఉన్నవే ఎక్కించాను: కరెంటు పోయింది, సరుకు లేదు, చెడిపోయింది. ఈ మూడూ కాకపోతే "కారణం లేదు" అని వచ్చేలా పెట్టాను. తెలివైన పని చేశాననుకున్నాను.

మర్నాటి నుంచీ రోజూ మధ్యాహ్నం రెండూ పదికి పది నిమిషాలు ఎర్రగీత. కారణం లేదు. పుస్తకం తీస్తే, ఆ టైములో మిషను నడిచిందని ఉంది. మిషను మీద ఉండేది యాదయ్య గారు, శామీర్‌పేట వైపు మనిషి, నాన్న ఉంటే ఆ వయసు. మేనేజరు గారు అడిగిందీ లేదు, విన్నదీ లేదు. దొంగరాతలు రాసి నిద్రపోతున్నాడని ఆయన్ని లోడింగుకి పంపేశారు. నాకేమో శభాష్ అన్నారు. ఆ మాటకి నాకు అన్నం సహించలేదు అన్నయ్యా.

భోజనాలప్పుడు లారీ దగ్గరికి వెళ్ళాను. ఆయన కోప్పడలేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది.

"నేనేమన్న పండుకున్ననా బిడ్డా? గా వేడి రోలర్ల బేరింగులకు దినాం గ్రీసు వెడత. నడుస్తుంటె వెడితే చెయ్యి పోతది. గందుకే ఆపుత."

"మరి పుస్తకంలో రాయలేదేం?"

"బుక్కుల గ్రీసుకు ఖానా యాడుంది? లేనిదాంట్ల ఏం రాయాలె? నడిసిందని రాసిన. నా ముందటోడు గూడ గట్లనే రాసిండు." మళ్ళీ ఆయనే అన్నారు, "నీ డబ్బకు నేను ఆపింది కనవడ్డది గని ఎందుకాపిన్నో కనవడలే."

నేను పుస్తకాన్ని నమ్మాను. మిషను దగ్గర ఒక్కరోజు నిలబడి ఉంటే తెలిసేది.

మేనేజరు గారి దగ్గరికెళ్ళి తప్పు నాదని చెప్పాను. ఆయన ఒక పట్టాన వినలేదు. చివరికి, "ఆపితే ఆపండి. ఆపమన్నది ఎవరో పేరు కనపడాలి. గీత ఎర్రగానే ఉండాలి. ఎవరు పెడతారు పేరు?" అన్నారు. అక్కడే ఉన్న సూపర్‌వైజర్లిద్దరూ నేలచూపులు చూశారు. నా ఉద్యోగం పర్మనెంటు చేసేదీ లేనిదీ వచ్చే నెల తేలుస్తారు. అయినా నా పేరు పెట్టమన్నాను. ధైర్యం కాదు అన్నయ్యా, ఆ లారీ దగ్గరికి ఇంకోసారి వెళ్ళే ఓపిక లేక.

సాఫ్ట్‌వేరు విప్పుకోనిచ్చేది కాబట్టి రెండ్రోజుల్లో "గ్రీజు" అని ఒక గడి, పక్కన పేరూ పెట్టగలిగాను. శుక్రవారం యాదయ్య గారు మళ్ళీ మిషను మీదికొచ్చారు. రెండూ పదికి నన్ను పిలిచి, పొడుగు స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద ఆనించి, పిడి నా చెవి దగ్గర పెట్టారు.

"ఆపే ముందు ఇను."

ఇసక నమిలినట్టు సన్నటి చప్పుడు. గ్రీజు పెట్టి మళ్ళీ నడిపాక విన్నాను, అది లేదు. చిన్నప్పుడు షాపులో నువ్వూ ఇలాగే వినమంటే, నేను కంప్యూటర్లు చదువుకుంటాను, ఇవన్నీ నాకెందుకని పారిపోయేదాన్ని. గుర్తుందా? నాకు శుక్రవారం గుర్తొచ్చి అక్కడే ఏడుపొచ్చింది.

నీ దగ్గర చెక్కపిడి స్క్రూడ్రైవరు ఉందిగా, పచ్చడితో పాటు అది కూడా పంపించు. కంపెనీలో నన్ను పర్మనెంటు చేయకపోయినా ఈ విద్య నాతో వస్తుంది. ఉద్యోగం సంగతి అమ్మకి ఇప్పుడే చెప్పకు. నేను బాగానే ఉన్నానని చెప్పు. అమ్మకి నా నమస్కారాలు, వదినని అడిగానను, చిన్నిదానికి ముద్దులు.

ఆఫీసులో రోజూ నా పేరు మీద ఎర్రగీత పడుతుంది. ఆ పది నిమిషాలూ నన్ను తలుచుకుని దీవించు అన్నయ్యా.

నీ చెల్లెలు,
పద్మ