పక్కింటి పార్లర్

అక్టోబర్ 3, శుక్రవారం

అఫ్షాన్ వాళ్లకి ఫైనల్ ఎగ్జిట్ వచ్చింది. వాళ్లాయన జానీ భాయ్ కాంట్రాక్ట్‌ని కంపెనీ రెన్యూ చెయ్యలేదట. పద్దెనిమిదిన ఫ్లైట్. ఇక కదిరిలోనే ఉంటారట. జుమా నమాజు నుంచి వచ్చి ఈయన చెప్పారు, అన్నం వడ్డించమన్నంత మామూలుగా.

పదమూడేళ్లుగా పక్కిల్లు. సౌదీలోని ఈ ఖఫ్జీలో, మా కాంపౌండ్‌లో నలభై విల్లాలు, అన్నీ ఒకే రంగు, ఒకే గేటు, ఒకే ఏసీ చప్పుడు. కొత్తలో ఒకరోజు బకాలా కొట్టు నుంచి పాలు తెచ్చుకుంటూ, వాళ్ల తలుపు మాదే అనుకుని తాళంచెవి పెట్టి తిప్పాను. లోపలి నుంచి ఒక అమ్మాయి తలుపు తీసింది. గాభరాలో నా నోట్లోంచి "అయ్యో" అని వచ్చింది. ఆ అమ్మాయి పడీపడీ నవ్వింది. "అయ్యో అంటాండావు, మనోళ్లేనా! యా ఊరు ఆపా మీది?" అంది. రాయచోటి అన్నాను. చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. పాలు విరిగిపోయేదాకా మాట్లాడుకున్నాం.

అక్టోబర్ 5, ఆదివారం

వాషింగ్ మెషీన్, కర్టెన్లు, సోఫా అమ్మకానికి అని కాంపౌండ్ గ్రూపులో ఫొటోలు పెట్టింది. సోఫా ఫొటోలో నేను కూర్చునే చోట గుంట కనిపిస్తోంది.

అక్టోబర్ 9, గురువారం, సాయంత్రం 5

ఎండ తగ్గింది. కుర్చీలు బయట వేసుకునే రోజులివి. ఎవరూ వెయ్యడం లేదు.

అప్పట్లో గురువారం సాయంత్రమైతే మా గేటు ముందు ఆరు కుర్చీలు పడేవి. చాయ్ నాది. అఫ్షాన్ దమ్మామ్ నుంచి బొరుగులు తెప్పించి ఉగ్గాణి చేసేది. లక్నో ఖుష్బూ కారంతో కళ్లనీళ్లు పెట్టుకుంటూనే రెండోసారి వేయించుకునేది. పిల్లలు సైకిళ్ల మీద చుట్టూ తిరిగేవారు. మా అయేషా మోకాళ్ల మీద ఎప్పుడూ బ్యాండ్ ఎయిడ్‌లే. సముద్రం గాలికి దుపట్టాలు నిలిచేవి కావు. నేనూ అఫ్షానూ మాటల్లో తెలుగులోకి జారిపోతే ఖుష్బూ అలిగేది, నన్ను తిడుతున్నారా అని. ఒక్కోసారి తిట్టేవాళ్లం కూడా, ముద్దుగా.

ఆ గుంపుకి మధ్యలో నేను ఉండేదాన్ని. రాయడానికి సిగ్గుగా ఉంది. నాకది చాలా ఇష్టంగా ఉండేది.

అక్టోబర్ 14, మంగళవారం

రాసేస్తాను. ఇంట్లో తెలుగు చదివేవాళ్లు ఎవరూ లేరు. ఈయనది ఉర్దూ మీడియం, అయేషాకి అక్షరాలే రావు.

2019లో అఫ్షాన్ వెనక గదిలో పార్లర్ పెట్టింది. ఒక అద్దం, ఒక ఎత్తు కుర్చీ, దారం రీళ్లు. నెల తిరక్కుండా గురువారం గుంపంతా అక్కడికి మారిపోయింది. నేను గేటు ముందు ఫ్లాస్కు పెట్టుకుని కూర్చుంటే గోడ అవతల నుంచి నవ్వులు. నన్ను ఎవరూ రావద్దనలేదు. అఫ్షాన్ రోజూ పిలిచేది. పిలిస్తే వెళ్లాల్సిన మనిషినయ్యానే అన్నదే నా బాధ. ఈయనతో చెబితే, నీకేం పని లేదా అన్నారు. నిజమే, లేదు. బీఈడీ చేసి వచ్చినదాన్ని. ఇక్కడ ఇఖామా కార్డు మీద నేను ఫక్రుద్దీన్ గారి భార్యను, అంతే.

ఒకరోజు ఇంగ్లిష్‌లో నాలుగు లైన్లు రాసి కాంపౌండ్ ఆఫీసు పెట్టెలో వేశాను. విల్లా 22లో పర్మిషన్ లేకుండా వ్యాపారం జరుగుతోందని. పేరు రాయలేదు.

వారంలో జానీ భాయ్‌ని పిలిపించారు. మూసెయ్యకపోతే ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. అఫ్షాన్ నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. ఎవరు చేసుంటారు ఆపా అంది. అంతకు రెండు రోజుల ముందు ఖుష్బూ ఆఫీసులోంచి రావడం ఎవరో చూశారట. ఖుష్బూ వెళ్లింది ఏసీ రిపేరు కోసం. అది నాకు తెలుసు. నోరు విప్పలేదు.

అఫ్షాన్ ఖుష్బూతో మాట మానేసింది. అందరూ మానేశారు. మరుసటి ఏడాది వాళ్లు లక్నో వెళ్లిపోతుంటే సాగనంపడానికి ఒక్కరూ బయటికి రాలేదు. నేను పరదా వెనక నిలబడి చూశాను. ఖుష్బూ సూట్‌కేసులు ఎక్కించి, అన్ని ఇళ్ల వైపూ ఒకసారి చూసి, కారెక్కింది.

అక్టోబర్ 17, శుక్రవారం

పొద్దున అఫ్షాన్ దారం రీలు పట్టుకుని వచ్చింది. "పోయేలోగా నీ కనుబొమ్మలు చేసిపోతా ఆపా. ఇంక ఈడ నీకెవురు చేస్తారు?" అంది.

వంటింటి కిటికీ దగ్గర కుర్చీ వేసింది. దారం ఒక కొస పళ్ల మధ్య పట్టుకుంది. నేను కళ్లు మూసుకుని, వేళ్లతో రెప్ప బిగించి పట్టుకున్నాను. ఎడమ కనుబొమ్మ అయింది. ఆమె శ్వాస నుదుటికి తగులుతోంది. ఈ మనిషి రేపు ఉండదు. అప్పుడే అనేశాను. ఆ ఫిర్యాదు రాసింది ఖుష్బూ కాదు, నేను అని.

దారం ఆగింది. నేను కళ్లు తెరవలేదు.

మళ్లీ కదిలింది. కుడి కనుబొమ్మ కూడా పూర్తి చేసింది. తొందరపడలేదు, గట్టిగా లాగలేదు. పౌడర్ అద్ది, చేతికి అద్దం ఇచ్చింది. అప్పుడు దారం పళ్ల నుంచి తీసి అడిగింది.

"ఆరేండ్లాయ. ఇప్పుడెందుకు చెప్తాండావు? నేను పోతాండానని ధైర్యమొచ్చిందా?"

అవును. కళ్లు తెరిచి తలూపాను.

"పార్లర్ పోతే పోయింది ఆపా. ఖుష్బూ వాళ్ల బిడ్డ పుట్టినరోజుకి పిలిచేదానికి మా ఇంటికొస్తే, ముఖాన తలుపేసినా. నీకది తెలుసు. తెలిసీ నా పక్కన కూర్చుని చాయ్ తాగినావు."

నా చేతిలోని అద్దం తీసుకుని బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

అక్టోబర్ 18, శనివారం

పొద్దున ఏడింటికి వ్యాన్ వచ్చింది. అందరూ బయటికి వచ్చారు. అఫ్షాన్ అందరినీ కౌగిలించుకుంది. అయేషా తల నిమిరి బాగా చదువుకోమంది. నాకు సలాం చెప్పింది, కొత్తవాళ్లకి చెప్పినట్టు. జానీ భాయ్ ఎప్పటిలాగే ఆప్యాయంగా, ఏమన్నా తప్పులుంటే మాఫ్ చెయ్యండి ఆపా అన్నారు. ఆయనకి చెప్పలేదన్నమాట.

అక్టోబర్ 27, సోమవారం

పాత గ్రూపులో ఖుష్బూ నంబర్ వెతికి నాలుగు రోజులైంది. ఇవాళ చేశాను. గొంతు వెంటనే గుర్తుపట్టింది. హాజిరా బాజీ అంది, అంత సంతోషంగా అనకపోతే బాగుండేది.

నేను మొదలుపెట్టేలోపే తనే చెప్పింది. అఫ్షాన్ కదిరి చేరిన రోజే ఫోన్ చేసిందట. నువ్వు కాదని ఇప్పుడే తెలిసింది, మాఫ్ చెయ్యి అని ఏడ్చిందట. రెండు గంటలు మాట్లాడుకున్నారట. చలికాలంలో అఫ్షాన్ వాళ్లు లక్నో వెళ్తారట. మరి రాసింది ఎవరని నువ్వు అడగలేదా అన్నాను. అడిగితే, వదిలెయ్ అందట. నా గురించి ఏమైనా చెప్పిందా అన్నాను. మీ మాట రాలేదు బాజీ అంది.

నేనే చెప్పాను. అవతల కుక్కర్ కూత వినిపించింది. ఒకటి, రెండు, మూడు. స్టవ్ ఆపాలి అని ఫోన్ పెట్టేసింది.

అక్టోబర్ 28, మంగళవారం

ఈయనకి కూడా చెప్పాను. టీవీ ఆపేశారు. నేను అప్పుడు నీ మాట సరిగ్గా విననేలేదు కదా అన్నారు. ఆ మాట పట్టుకుని తప్పు ఆయన మీద వేసెయ్యాలనిపించింది. వెయ్యలేదు.

నవంబర్ 9, ఆదివారం

22లోకి కొత్తవాళ్లు దిగారు. అమ్మాయి పేరు నస్రీన్, గుంటూరు, పెళ్లయి నాలుగు నెలలు. చాయ్‌కి పిలిచాను. ఇక్కడి ఆడవాళ్లు మంచివాళ్లేనా ఆంటీ అని అడిగింది.

మొదటి నుంచి చెప్పాను. పేర్లతో సహా, నా పేరుతో సహా.

కప్పులో చాయ్ చల్లారిపోయింది. వెళ్లేటప్పుడు, మళ్లీ వస్తానని గానీ రానని గానీ అనలేదు.