వీపు చాటు పనితనం

ఏన్కూరు,
11 ఏప్రిల్ 2004

మెహర్ ఆపాకు సలాం,

నాలుగు నెలలుగా నీకు అబద్ధం చెబుతున్నాను. పాస్‌పోర్ట్ ఎప్పుడో వచ్చింది, పెట్టెలో బట్టల కింద ఉంది. మస్కట్‌లో బావ అంత కష్టపడి మాట్లాడిన ఉద్యోగం, నెలాఖరులోపు ఏదో ఒకటి చెప్పకపోతే చేజారుతుందని తెలిసీ నాన్చుతున్నాను. ముందు తిట్టు, తర్వాత చదువు.

అడవి లోపలికి వెళ్లే బోరింగ్ మెకానిక్‌ని ఇక్కడ నేనొక్కడినే మిగిలాను. మిగతా ఇద్దరూ ఖమ్మంలో మోటార్ల షాపుల్లో చేరిపోయారు. వాగు అవతల కోయగూడెంలో నలభై ఇళ్లకు ఒకటే చేతి బోరింగు. అది ఆగితే ఆడవాళ్లు వాగులో చెలమలు తోడుకోవాలి. ఆ నీళ్లు తాగి పిల్లలు ఎంత అవస్థ పడతారో నేను చూశాను.

అసలు బాధ అది కూడా కాదు. వాళ్లకు బోరింగు బాగుచేసుకునే పని రాకపోవడానికి కారణం నేనే. మా ఉస్తాద్ షుకూర్ భాయ్ మొదటి రోజే చెప్పాడు: "పైపులు పట్టనియ్యి, రాడ్లు గుంజనియ్యి. వాషర్ ఎక్కించేటప్పుడు మాత్రం ఎవర్నీ చూడనియ్యకు." తొమ్మిదేళ్లు అలాగే చేశాను. గూడెం ఆడవాళ్లంతా చెమటలు కక్కుతూ పైపులు పైకి లాగుతారు. నీళ్లను పైకి లాగే తోలు వాషర్ దగ్గరికి వచ్చేసరికి నేను అటు తిరిగి కూర్చుని, వీపు చాటున పని కానిస్తాను. ఇప్పుడు వాళ్లను అలా వదిలేసి పోతే నాకు అన్నం సహిస్తుందా? రేపు వెళ్లి ఉన్నదంతా చెప్పి నేర్పిస్తాను. వాళ్లకు వస్తేనే వెళ్తాను. లేదంటే బావకు నువ్వే సర్దిచెప్పాలి.

నీ తమ్ముడు,
ముస్తకీమ్


ఏన్కూరు,
14 ఏప్రిల్ 2004

ప్రియమైన ఆపా,

నవ్వకుండా చదువు.

బోరింగు దగ్గర అందరినీ కూర్చోబెట్టి, తల దించుకుని తప్పు ఒప్పుకున్నాను. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ గూడేనికి పెద్దదిక్కయిన జోగమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పోయిన ఎండాకాలం నేను టైఫాయిడ్‌తో నెలన్నర మంచాన పడ్డాను కదా, అప్పుడు బోరింగు ఆగిపోతే వాళ్లే విప్పేశారట. నేను పారేసిన వాషర్లలో బాగున్నవి ఏరి, ఇప్పనూనెలో నానబెట్టి ఎక్కించారట.

"మరి తర్వాత నన్నెందుకు పిలిచిండ్రు?" అన్నాను.

"నువ్వు అటు తిరిగి కూసుంటవు గద బిడ్డా. మాకీ పనొచ్చిందని తెలిస్తే మనసు కష్టపెట్టుకుంటవని చెప్పలే," అంది జోగమ్మ.

సిగ్గుతో చచ్చిపోయాను ఆపా. నా ముందే చేసి చూపించమన్నాను. నేను కొత్త వాషర్ అందిస్తే జోగమ్మ వేళ్లతో నొక్కి చూసి, ఇంకా నానలేదని తిరిగి ఇచ్చేసింది. నిజమే, హడావుడిలో ఆ రోజు పొద్దునే నూనెలో వేశాను. తన ఇంట్లో నానిన పాతది తెచ్చి బిగించింది. నీళ్లు బుడబుడమని వచ్చాయి. నిన్న మండలాఫీసులో కూర్చుని, వాళ్లు నాకిచ్చే వాషర్లు ఇకమీదట జోగమ్మ చేతికే ఇచ్చేలా కాగితం రాయించాను.

నేను పోతే వీళ్లేమైపోతారోనని నాలుగు నెలలు కుమిలిపోయాను. ఉండిపొమ్మని అక్కడ ఒక్కరూ అనలేదు. కొంచెం చివుక్కుమంది, ఒప్పుకుంటాను. కానీ తిరిగి వస్తుంటే ఆ రాళ్ల దారిలో సైకిల్ దానంతటదే పోతున్నట్టుంది. బావకు ఫోన్ చేసి వస్తానని చెప్పు.

నీ ముస్తకీమ్