ఆషాఢం ఒకరికి, మొహర్రం ఒకరికి

జూన్ 28, 1985

ఆషాఢం. మలక్‌పేటలో ప్రహ్లాద్ శుభలేఖల ప్రెస్సు నిద్రపోతోంది. కాగితం కట్టల మీద కూర్చుని పనివాళ్లు పేకాడుతున్నారు. నాకేం ఫికర్ లేదు. రంజాన్ అయిపోయింది, నిఖాలు మొదలయ్యాయి. ఫలక్‌నుమాలో యూసుఫ్ భాయ్ వర్క్‌షాపులో పెళ్లికూతుళ్ల బట్టల మీద జరీ కుట్టేవాళ్లకు తల ఎత్తే తీరిక లేదు. మాణిక్యమ్మ నాకిచ్చిన డబ్బు సగం ప్రెస్సులో, సగం జరీలో పెట్టింది నేనే. ఒకటి పడుకుంటే ఇంకొకటి లేస్తుంది.

మా లేసు దుకాణానికి బ్యాంకు అమరనాథ్ వచ్చాడు. దీన్ని కోరిలేషన్ అంటారట. రెండు పెట్టుబడులు కలిసి లేచి కలిసి పడితే అది ఎక్కువ. దేని దారి దానిదైతే తక్కువ. తక్కువ ఉన్నవాటిలో పంచితేనే రిస్క్ తగ్గుతుందట. మీరు ఇంగ్లిష్‌ల చదివింది మేం గల్లీల జేస్తున్నం సార్, ఆషాఢం ఒకరికి, మొహర్రం ఒకరికి అన్నాను. ఎన్నేళ్లు చూసి చెబుతున్నావని అడిగాడు. పోయినేడు చూసిన గదా అన్నాను.  అతను ఇంటావిడకి రెండు గజాల గోటా లేసు కొనుక్కుని పోయాడు.

జులై 9

మాణిక్యమ్మ వచ్చింది. ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. ముందూ వెనకా ఎవరూ లేరు. రిటైరైనప్పుడు చేతికొచ్చిందంతా నన్ను నమ్మి ఇచ్చింది. సంతోష్‌నగర్‌లో ఆమె ఉంటున్న గదిని ఓనర్ అమ్మేస్తున్నాడు. సెప్టెంబరు ఆఖరు లోపల డబ్బు కడితే గది ఆమెదే, లేకపోతే ఖాళీ చెయ్యాలి.

కొంచమన్న పోస్టాఫీసుల ఎయ్యరాదు కొడుకా అంది. ఆ వడ్డీతోటి చాయ్ గూడ రాదమ్మా అన్నాను. నువ్వు సేటువు, నీకెరుక అని నవ్వి వెళ్లిపోయింది.

జులై 18

ఇవాళ్టి నుంచి అధిక శ్రావణం. ప్రహ్లాద్ తిట్టుకుంటున్నాడు. ఈ పంచాంగం రాసేటోనికి పెండ్లి గాలేదా ఏందన్నా, ఇంకో నెల మూసిండు అంటాడు. పగలబడి నవ్వాను.

ఆగస్టు 29

అసలు శ్రావణం. ఇద్దరికీ పనే పని. ఇప్పుడే డబ్బు వెనక్కి తీసుకుందామా అనిపించింది. ప్రహ్లాద్ కొత్త మిషను కొంటానన్నాడు, యూసుఫ్ భాయ్ జరీ స్టాకు కొంటానన్నాడు. సరే అన్నాను. వచ్చే నెల భాద్రపదంలో ముహూర్తాల్లేక ప్రహ్లాద్ పడుకున్నా యూసుఫ్ భాయ్ ఇస్తాడు. పోయినేడు మొహర్రం దసరాతో వచ్చింది, అప్పటికి భాద్రపదం అయిపోయింది.

సెప్టెంబరు 17

నిన్న నెలవంక కనిపించింది. మొహర్రం. రేపు వినాయక చవితి.

పొద్దున్నే ఫలక్‌నుమా పోతే యూసుఫ్ భాయ్ మగ్గాల మీద గుడ్డ కప్పేశాడు. అరే భాయ్, ఈ నెలల నిఖా ఎవడు జేస్తడు, దీని ఎనక సఫర్ నెల గూడ పోనియ్, అప్పుడు రా అన్నాడు. అక్కడి నుంచి మలక్‌పేట. ప్రహ్లాద్ నన్ను చూసి లేవను కూడా లేదు. భాద్రపదంల పైసలా? పసుపు పూసిన ఖాళీ కార్డులున్నయ్, ఓ కట్ట తీస్కపో అన్నా అన్నాడు.

క్యాలెండరు నా తల మీదే వేలాడుతోంది. అధిక మాసం వచ్చి భాద్రపదాన్ని ఆలస్యం చేసింది. మొహర్రమేమో ఏటేటా పది రోజులు ముందే వస్తుంది. రెండూ ఒక్క నెలలో పడ్డాయి. చూసిందే ఒక్క ఏడు, అదీ పోయినేడు. పైగా నా దుకాణం లేసు కూడా పెళ్లిళ్లకే పోతుంది, గల్లాలో చిల్లర తప్ప ఏం లేదు. ఎన్నిచోట్ల పంచినా నేను పెట్టిందంతా పెళ్లి మీదే. ఆ రోజు అధిక మాసం మాటకు నేను నవ్విన నవ్వు గుర్తొస్తే ఒళ్లు మండుతోంది.

సెప్టెంబరు 21

మాణిక్యమ్మ గొంతు వినబడగానే గల్లా బల్ల కింద దాక్కున్నాను. నలభై ఆరేళ్ల వాణ్ణి. ఆమె మెట్టు మీద కూర్చుంది. చాయ్ ఎల్లప్ప ఉత్త పుణ్యానికి ఒక కప్పు ఇచ్చి, రూమ్ సంగతేందవ్వా అని అడిగాడు. నాకేం ఫికర్ రా, నా పైసలు బంగారమసోంటి మనిషి కాడ ఉన్నయ్ అంది. చాయ్ తాగేదాకా లేవలేదు. నేనూ లేవలేదు.

సెప్టెంబరు 27

మా ఆవిడ సుగుణమ్మకు అంతా చెప్పేశాను. తిట్టలేదు, గాజులు తీసి ముందు పెట్టింది. కుదువ పెట్టుండ్రి, ముసలామెను రోడ్డు మీద పడెయ్యకుండ్రి అంది. గాజులు జేబులో వేసుకుని వెళ్లాను. మార్వాడీ కుదువ దుకాణం మా లైన్లోనే ఉంది, అటూ ఇటూ అందరూ తెలిసినవాళ్లే. సేటు పెళ్లాం గాజులు తెచ్చిండట అంటారు. రెండుసార్లు దాని ముందు నుంచి నడిచి ఇంటికొచ్చేశాను. మార్వాడీ లేడని చెప్పాను.

సెప్టెంబరు 30

ఇవాళ కూడా లేడన్నాను.

అక్టోబరు 2

ఓనర్ గది వేరేవాళ్లకు అమ్మేశాడు.

సంతోష్‌నగర్ వెళ్లి మాణిక్యమ్మకు చెప్పాను. ఏం చెప్పాను? రెండు సీజన్లు ఒకేసారి మూతపడ్డాయి, దేవుడి పని, ఎవరనుకున్నారు అన్నాను. నీ పైసలు ఎటూ పోవు, కార్తీకం పోతే వస్తయ్ అన్నాను. క్యాలెండరు ఊసు ఎత్తలేదు. గాజుల ఊసు అసలే ఎత్తలేదు. దేవుని పనైతే నువ్వేం జేస్తవ్ కొడుకా, ఏడ్వకు అంది. నా కళ్లలో నీళ్లున్నాయని అప్పుడు తెలిసింది. ఆమె కొంగుతో తుడిచింది. తుడవనిచ్చాను.

అక్టోబరు 8

మాణిక్యమ్మ మంచం మా ముందు గదిలోకి వచ్చింది. సుగుణమ్మ నాతో మాట్లాడడం లేదు. ఎవరో చెప్పారట, మార్వాడీ ఆ వారమంతా దుకాణంలోనే ఉన్నాడని.

గల్లీ వాళ్లు మాత్రం ఆగి ఆగి పలకరిస్తున్నారు. ఏ కులమో ఏ మతమో చూడకుండ ముసలామెను ఇంట్ల పెట్టుకున్నవ్, మస్తు దిల్ ఉన్నోడివన్నా అని ఎల్లప్ప అన్నాడు. చాయ్ డబ్బులు తీసుకోలేదు.

అక్టోబరు 13, ఆదివారం

మాణిక్యమ్మ వాళ్ల పాస్టరు ఇశ్రాయేలుగారు ఇంటికొచ్చి ప్రార్థన చేశారు. నా పేరు చెప్పి, ఈ దయగల మనిషిని దీవించు తండ్రీ అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు.

నేనూ అన్నాను.