పదకొండు అన్నప్పుడు

బంగారం లాంటి మా అక్కకి,

ఫోను చేస్తే తియ్యడం లేదని నీకు ఒళ్ళు మండుతూ ఉంటుందని తెలుసు. ఏం చెయ్యను? "హలో" అనేలోపే గొంతు పూడుకుపోతోంది. గొంతు మీద బతికేదానికి గొంతే పెగలకపోతే ఎంత సిగ్గుచేటో చూడు. అందుకే కాగితం పట్టుకున్నాను. కాగితానికి నా ఏడుపు వినిపించదు. మధ్యలో "ఊరుకోవే, ఊరుకో" అనడానికి నీకూ వీలుండదు.

సోమవారం మళ్ళీ పనిలో చేరాను, సరిగ్గా మూడు నెలల తర్వాత. బస్ స్టేషన్లో ఏదీ మారలేదు. విచారణ కిటికీ వెనక అదే కుర్చీ, అదే ఊగే కాలు. మారినదల్లా మనుషులే. అందరూ నాతో గుసగుసగా మాట్లాడుతున్నారు, పక్క గదిలో రోగి ఉన్నట్టు. టికెట్ల కౌంటరావిడ టీ తెచ్చి ముందు పెట్టి, "అయిందేదో అయింది, వయసుంది, మళ్ళీ పుడతారులే" అంది. బస్సులో గొడుగు మరిచిపోయినవాళ్ళకి కూడా అలాగే చెప్తుంది. ఏమీ అనలేక టీ తాగేశాను.

అసలు బాధ ఆవిడ కాదు, ఇంకో ఆవిడ ఉంది. చెప్తాను, పిచ్చిదాన్ననుకోకు.

స్టేషన్లో ఏ బస్సు ఎక్కడికి వస్తుందో చెప్పేది నా గొంతే కదా. రోజూ కూర్చుని చెప్పనక్కర్లేదు. ఊళ్ళ పేర్లు, అంకెలు, "దయచేసి గమనించండి", "ఆలస్యంగా" ఇలా ఏ ముక్కకి ఆ ముక్క ఒకసారి చదివించి దాచుకుంటారు. బస్సు వచ్చినప్పుడు మిషనే ముక్కలు ఏరి అతుకుతుంది. ఆ ముక్కలన్నీ నేను చదివింది ఎనిమిదో నెలలో. రెండు రోజులు పట్టింది. అంకెలు చదువుతూ పదకొండు దగ్గరికి వచ్చేసరికి లోపల్నుంచి ఒక్క తన్ను తన్నింది మహాతల్లి. "పద" అని, ఊపిరి ఎగబీల్చి, నవ్వాపుకుని "కొండు" అన్నాను. మళ్ళీ చదువుదామనుకుని, ఆకలేసి భోజనానికి లేచి, మరిచిపోయాం. అదే ఉండిపోయింది. ఆ తర్వాత పన్నెండో రోజున కదలడం మానేసింది.

ఇప్పుడు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నా నెత్తి మీద ఆవిడ మాట్లాడుతూనే ఉంటుంది. ఆవిడకి ఎనిమిదో నెల. ఆవిడకి ఇంకా ఏమీ తెలియదు. ఎంత కులాసాగా చెప్తుందో, బస్సు గంట ఆలస్యమన్నా శుభవార్తలాగే ఉంటుంది. ఒక్కోసారి కిటికీలోంచి తల బయటపెట్టి ఆ స్పీకర్ల వైపు చూసి అరవాలనిపిస్తుంది, "ఒసేయ్, ఈ రోజే వెళ్ళవే ఆస్పత్రికి, ఇవాళే వెళ్ళు" అని. నా గొంతుకి నేనే భయపడుతున్నానక్కా.

ఇంట్లో చెప్పుకుందామంటే మా ఆయనకి ఉలుకూ పలుకూ లేదు. నీకు తెలిసిన మనిషే, కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసుకుంటూ నోట్లో నాలుక లేనట్టు ఉండేవారు. ఇప్పుడు మరీ. బిడ్డ మాట ఎత్తితే లేచి వెళ్ళి కుళాయి కట్టేసి వస్తారు. కుళాయి అప్పటికే కట్టేసి ఉంటుంది. ఆరింటికి షాపు మూస్తే ఎనిమిదింటికి ఇల్లు చేరుతున్నారు. ఎక్కడికి వెళ్ళారంటే "పని" అంటారు. ఆయన మరిచిపోయారు, నేను మరవలేకపోతున్నాను, అంతే.

అందుకని మేనేజరు దగ్గరికి వెళ్ళి, ఆ ముక్కలన్నీ చెరిపేసి కొత్తగా చదువుతానని అర్జీ పెట్టాను. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. పదకొండు సరిగ్గా వినబడక జనం పదో నంబరు ప్లాట్‌ఫాం దగ్గర నిలబడిపోతున్నారని అప్పటికే ఫిర్యాదులున్నాయట. గురువారం రికార్డింగు. ఆవిడ నోరు మూయిస్తే నాకు నిద్ర పడుతుందేమో.

ఇంకో మాట రాయాలా వద్దా అని పెన్ను పట్టుకుని అరగంట కూర్చున్నాను. ఆ రోజు నర్సు "బిడ్డని చూస్తారా?" అంటే నన్ను గోడవైపు తిప్పావు. "చూడకే, చూస్తే జన్మలో మరిచిపోలేవు" అన్నావు నువ్వు. నా మంచికే అన్నావు. చూడలేదు. మరిచిపోనూ లేదు. మొహం లేని బిడ్డని ఎలా మరిచిపోతారక్కా? దారిలో కనబడ్డ ప్రతి పసిపిల్ల మొహమూ దానికి పెట్టి చూస్తున్నాను. ఏదీ సరిపోవడం లేదు.

నీ
చెల్లి


అక్కకి,

ఈసారి బంగారం గింగారం ఏమీ లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. నాకు కావలసిన జవాబు నువ్వు రాయి.

గురువారం రికార్డింగు గదికి వెళ్ళాను. గది అంటే ఏం లేదు, పాత సామాను గదికి నాలుగు గోడలకీ బొంతలు కొట్టారు, బయటి హారన్లు వినబడకుండా. మిషను చూసే ముసలాయన్ని అందరం చెవుల బాబాయ్ అంటాం. చెవులకి ఆ హెడ్‌ఫోను డిప్పలు తగిలించుకునే తింటాడు, తగిలించుకునే కునుకు తీస్తాడు. ఒకటి నుంచి పది దాకా గడగడా చదివేశాను. "పద" అన్నాను. ఆగిపోయింది. మళ్ళీ "పద". మళ్ళీ అంతే. ఏడుసార్లు. ఎనిమిదోసారి "పద" కూడా రాలేదు.

"పోనీ పాతది ఒకసారి విను అమ్మాయ్, పట్టు దొరుకుతుంది" అని బాబాయ్ తన డిప్పలు తీసి నా చెవులకి పెట్టాడు.

స్పీకర్లో ఎప్పుడూ బస్సుల రొదలోనే విన్నానక్కా. ఇక్కడ ఆ ఒక్క మాటే, చెవిలో. "పద". ఊపిరి. ఆ ఊపిరి వెనక బట్ట గరగరమంది. నా చెయ్యి పొట్ట మీదికి వెళ్ళిన చప్పుడది, అది తన్నిన చోటికి. తర్వాత చిన్న నవ్వు. "కొండు". మళ్ళీ పెట్టమన్నాను. మళ్ళీ. ఎన్నిసార్లో లెక్క లేదు. ఫొటో లేదు, పేరు లేదు, ఊయల కూడా మీరంతా నేను ఇంటికి రాకముందే తీసేశారు. అది బతికి ఉండగా చేసిన పని ఈ లోకంలో మిగిలింది ఇదొక్కటే. దాన్ని చెరిపెయ్యమని సంతకం పెట్టింది నేనే!

"బాబాయ్, ఇది తియ్యొద్దు."

"నువ్వే కదమ్మా అర్జీ పెట్టావు?"

"ఇప్పుడు వద్దంటున్నాను."

"సరే, నీకో కాపీ చేసిస్తాను, పట్టుకెళ్ళి దాచుకో. పదకొండు మాత్రం మార్చాల్సిందే, జనం తిడుతున్నారు."

కాపీ ఏం చేసుకోను? డబ్బాలో పెట్టి బీరువాలో దాచుకుంటే ఇంకోసారి పాతిపెట్టినట్టే కదా. ఇక్కడైతే రోజుకి నలభైసార్లు తంతుంది. తన్నినప్పుడల్లా జనం మూటలెత్తుకుని పరుగులు పెడతారు. ఇవన్నీ బాబాయ్‌తో అనలేదు, ఏడ్చాను. ఆయన కంగారుపడి, "మీ మొగుడూ పెళ్ళాలకి ఈ పదకొండుతో ఏం పనో నాకు అంతుపట్టడం లేదు. మీ ఆయనేమో రోజూ సాయంత్రం ఆ ప్లాట్‌ఫాం మీదే కూర్చుంటాడు. ఎక్కే బస్సూ లేదు, దిగే చుట్టమూ లేదు. నీకోసం అనుకున్నాను, నువ్వు నాలుగింటికే వెళ్ళిపోతావాయె" అన్నాడు.

ఆరున్నర దాకా ఆగి వెళ్ళాను. ఉన్నారు. బల్ల చివర, ఎవరివో గోనెసంచుల పక్కన, గోళ్ళలో అద్దాల పొడి కూడా కడుక్కోకుండా. కళ్ళు మూసుకుని కూర్చున్నారు. స్పీకర్లో ఆవిడ "పద" అనగానే ఆయన ఊపిరి బిగబట్టారు. "కొండు" అన్నాక వదిలారు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఏం చేస్తున్నారిక్కడ?"

"ఊరికే."

"ఊరికే ఎవరైనా రోజూ వస్తారా?"

గోళ్ళలోని పొడి గీకుతూ కూర్చున్నారు. తర్వాత, "ఆ రోజు ఇంటికొచ్చి చెప్పావుగా, చదువుతుంటే తన్నిందని. ఇక్కడ ఇంకా తంతోంది" అన్నారు.

మరిచిపోయాడనుకున్న మనిషి! మూడు నెలలు ఆయన్ని మనసులో ఎన్ని తిట్లు తిట్టానో, అవన్నీ నా మొహాన వచ్చి పడ్డాయి. ఆయన చెయ్యి పట్టుకుని, "ఇద్దరిలో ఒక్కళ్ళమైనా దాని మొహం చూసుంటే బాగుండేదండీ" అన్నాను.

ఆయన నావైపు తిరగకుండానే, "నేను చూశాను" అన్నారు.

ఇంకో బస్సు వచ్చింది, వెళ్ళింది. ఎలా ఉందని అడిగాను. "నన్నడక్కు. నీ దగ్గర ఆ మాట ఎత్తనని మీ అక్క నా చేత ఒట్టు వేయించుకుంది. మీ అక్కా చూసింది" అని లేచి వెళ్ళిపోయారు. కుళాయి లేదు గనక నీళ్ళ కొట్టు దాకా వెళ్ళి నిలబడ్డారు.

నన్ను గోడవైపు తిప్పి, నువ్వెళ్ళి చూశావా అక్కా? చూసొచ్చి, నా పక్కన కూర్చుని, నా తల దువ్వి, ఈ మూడు నెలలూ "తిన్నావా, పడుకున్నావా" అని అడిగావా? ఆ మొహం నాది. కన్నది నేను. చూడనివ్వకపోవడానికీ, దాచుకోవడానికీ నువ్వెవరు?

మేనేజరు పదిహేను రోజులు గడువిచ్చాడు. నిన్న ఒక ముసలావిడ పదో నంబరులో నిలబడి, చివరి నిమిషంలో పరుగెత్తి పడబోయింది. నాకు సిగ్గేసింది. అయినా సరే, నువ్వు నోరు విప్పకపోతే నాకు ఆ ఒక్క మాటే దిక్కు. ఉద్యోగం పోయినా దాన్ని ముట్టుకోనివ్వను. ఏం చూశావో రాయి.

నీ దగ్గర ఎప్పుడూ ఏదీ దాచుకోని
నీ చెల్లి


ఎంత తిట్టినా నాకు చెల్లెలివే అయిన నీకు,

నీ ఉత్తరం స్కూల్లో అందింది. పిల్లలకి లెక్కలు ఇచ్చి బల్ల దగ్గరే చదివాను. ఎవరో "టీచర్ ఏడుస్తున్నారు" అన్నారు, క్లాసంతా నిశ్శబ్దమైపోయింది. ఇరవై ఏళ్ళుగా అరిచి గీపెట్టినా రాని నిశ్శబ్దం.

ముందు నువ్వడిగింది రాస్తాను. జుట్టు నల్లగా, ఒత్తుగా ఉంది, తడిసి నుదుటికి అంటుకుపోయి దువ్వినట్టే ఉంది. ముక్కు మీ ఆయనది, అచ్చంగా, కాస్త బండగా. ఆడపిల్లకి ఇదేం ముక్కురా దేవుడా అనుకున్నాను, ఆ స్థితిలోనూ నవ్వొచ్చింది. కుడిచెవి పై అంచు మడత పడి ఉంది, వేలితో సరిచేస్తే మళ్ళీ మడత పడింది. పెదవులు నల్లబడ్డాయి, నీకు అబద్ధం చెప్పను. కనుబొమలు ముడిచి ఉన్నాయి, ఎవరో నిద్ర లేపితే కోప్పడుతున్నట్టు. "ఏమ్మా దొరసానీ, అంత కోపమా" అన్నాను. అలాగే పిలిచాను ఉన్నంతసేపూ. చేతిగోళ్ళు పెరిగి ఉన్నాయి. కత్తిరించాలి, మొహం గీరుకుంటుంది అని ఆలోచన కూడా వచ్చింది. నర్సుని గోరువెచ్చటి నీళ్ళు అడిగాను. ఎందుకని అడగకుండా తెచ్చిచ్చింది. నేనే స్నానం చేయించి, నా శాలువాలో చుట్టాను. ఆ శాలువా ఏమైందని నువ్వు ఒకసారి అడిగావు, పారేసుకున్నానని చెప్పాను.

ఇక నేను చేసిన తప్పు. నిన్ను చూడొద్దన్నది నీ మంచికే అని రాశావు. కాదు. నా పంతులమ్మ బుద్ధి నీకు తెలుసు, అందరి తరఫునా నేనే నిర్ణయించేస్తాను. ఆ రోజు మాత్రం నిర్ణయం కాదు, పిరికితనం. ఎవరో ఒకరు బిడ్డని ఆ గదిలోంచి బయటికి తీసుకెళ్ళాలి. అమ్మ లేదు, నాన్న కూలబడిపోయారు, మిగిలింది నేను. నీ చేతుల్లో పెడితే నువ్వు ఇవ్వవు. నీ చేతుల్లోంచి లాక్కోవాలి. నా వల్ల కాదనిపించింది. అందుకని నిన్ను గోడవైపు తిప్పాను. నీ బిడ్డని నీకు చూపించకపోవడం నాకు తేలికైంది, నీ దగ్గర్నుంచి తీసుకోవడం కంటే. క్షమించమని అడగను, నువ్వు ఎప్పటికి క్షమిస్తే అప్పటికే.

తప్పించుకున్నాననుకున్నాను కానీ తప్పించుకోలేదు. నేను చూసింది స్నానం చేయించిన ఆ పావుగంటే. తర్వాత తండ్రి కదా ఒకసారి చూపిద్దామని మీ ఆయన చేతుల్లో పెట్టాను. ఆయన నడవాలో బెంచీ మీద కూర్చుని ఒళ్ళో పడుకోబెట్టుకున్నారు. గంటన్నర. నర్సు వచ్చింది, వెళ్ళింది. డాక్టరు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన తలెత్తలేదు, ఏదో చెప్తూనే ఉన్నారు దానికి, నోట్లో నాలుక లేదంటావే, ఆ మనిషి. చివరికి నేనే ఒక్కొక్క వేలూ విడదీసి తీసుకున్నాను. "వదినా, ఇంకొక్క ఐదు నిమిషాలు" అన్నారు. ఇవ్వలేదు. ఇవ్వకపోగా, నీకు చెప్తే నువ్వు తట్టుకోలేవని అక్కడే ఒట్టు వేయించుకున్నాను. ఆ రోజు నుంచి ఆయన నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే న్యాయం.

ఆ ఒట్టు ఇప్పుడు నేనే తీసేస్తున్నాను. ఈ కాగితం ఆయన చేతికివ్వు. పదకొండు మార్చమనీ చెప్పను, ఉంచమనీ చెప్పను. నీ తరఫున నిర్ణయించడం మానేశాను.

ఇంకా ఏమైనా చెప్పమని నన్నడక్కు. పావుగంటలో నేను చూసింది అంతా రాసేశాను. ఆయన గంటన్నర చూశారు. అరచేతులు ఎలా ఉన్నాయో, కళ్ళు ఎవరివో, దాన్ని ఏమని పిలిచారో, అంతసేపు ఏం చెప్పారో ఆయనకే తెలుసు. ఇంట్లోనే ఉన్నారుగా, వెళ్ళి అడుగు.

నీ
అక్క