రంగు నిలవని పెట్టె

మార్చి 3, సోమవారం

పెట్టెలోంచి వచ్చే వెలుగు రంగు మళ్ళీ జారింది. పొద్దున ముదురు ఎరుపు. టీ తాగి వచ్చేసరికి నారింజ వైపు పోయింది. నేనేమీ ముట్టుకోలేదు. తలుపు గట్టిగా వేశాడని పెళ్ళికొడుకు మీద విరుచుకుపడ్డాను. ల్యాబ్‌లో రోజూ ఇస్త్రీ చొక్కాతో వచ్చేది అతనొక్కడే, అందుకే ఆ పేరు. తలుపు వేసింది తను కాదట. అయినా సారీ చెప్పాడు. దాంతో నాకు ఇంకా చిరాకేసింది.

శుక్రవారం పక్క ల్యాబ్ బయాలజీ వాళ్ళు వస్తారు. వాళ్ళ మైక్రోస్కోప్‌కి కదలని రంగు ఒక్కటి కావాలి. ఇవ్వలేకపోతే నా ఓపీఓ పెట్టెను విప్పేసి, ఆ టేబుల్ మీద బయట కొన్న లేజర్ పెడతామని మా గైడ్ సార్ చెప్పేశారు. మూడేళ్ళుగా దాన్ని బిడ్డలా సాకుతున్నాను.

మార్చి 4

భోజనాల దగ్గర అత్తయ్య కాలు ఊపొద్దన్నారు. నేను ఊపితే టేబుల్ కదిలి ఆవిడ గ్లాసులో నీళ్ళు తొణుకుతున్నాయట. ఇంతకీ ఆ ఓపీఓ ఏమిటని అడిగారు.

అద్దాల మధ్య వెలుగు గిరగిరా తిరిగే పెట్టె అని చెప్పాను. లేజర్ నుంచి కొత్త పల్స్, అంటే వెలుగు తునక, వచ్చే వేళకి లోపలి పల్స్ ఒక చుట్టు తిరిగి రంగు పుట్టించే క్రిస్టల్ దగ్గరికి చేరాలి. బస్సు అందుకున్నట్టా అన్నారు. అలాంటిదే. కాకపోతే గాజులాంటి వాటిలో ఒక్కో రంగు ఒక్కో స్పీడులో నడుస్తుంది. అదే డిస్పర్షన్. అద్దం వెంట్రుకవాసి జరిగినా పెట్టె ఆగిపోదు. టైముకి చేరగలిగే రంగుకి మారిపోతుంది.

మంచిదేగా, సర్దుకుపోతోంది అన్నారు అత్తయ్య. నాకు ఒళ్ళు మండింది.

మార్చి 5

ఏసీ ఆపించాను. టేబుల్ చుట్టూ అట్టలు కట్టాను. అందరినీ పిల్లుల్లా నడిపించాను. అయినా జారింది.

మార్చి 6, ఉదయం 11

పాత ఫైళ్ళు తిరగేశాను. ఆర్నెల్ల కిందట రంగు గీత గీసినట్టు నిలబడి ఉంది. అప్పుడూ ఏసీ ఉంది, తలుపూ ఉంది. అట్టలే లేవు. పెళ్ళికొడుకు నా వెనక నిలబడి, అప్పుడు పెట్టెలో గాజు దిమ్మ ఉండేది కదా అన్నాడు.

ఉండేది. నేనే తీసేశాను. తీసినందుకు ల్యాబ్ అంతటికీ పార్టీ కూడా ఇచ్చాను.

గాజు తీసేసి, ప్రత్యేకంగా చేయించిన అద్దాలు పెట్టి, డిస్పర్షన్‌ని దాదాపు సున్నా చేశాను. రంగులన్నీ ఇంచుమించు ఒకే స్పీడు. పల్స్ పొట్టిగా, పదునుగా వచ్చింది. నా థీసిస్ అంతా దాని మీదే. కానీ అన్నీ ఒకే స్పీడైతే, అద్దం రవ్వంత జరిగినప్పుడు ఆ కాస్త టైము సర్దుకోవడానికి పెట్టె ఎక్కడో ఉన్న రంగు దాకా పరుగెత్తాలి. గాజు ఉన్నప్పుడు పక్క రంగుకి ఒక్క అడుగు వేస్తే సరిపోయేది. నేను బాగుచేసిన కొద్దీ దానికి స్థిమితం పోయింది.

ఆ సమీకరణం నా థీసిస్ రెండో చాప్టర్లోనే ఉంది. రాసింది నేనే. సిగ్గుగా ఉంది.

సాయంత్రం 4

గాజు పెడితే పల్స్ సాగిపోతుంది. థీసిస్‌కి చివరి కొలతలు ఇంకా తీయలేదు. పెట్టకపోతే రేపటితో పెట్టే ఉండదు. సార్‌ని అడిగితే కొలతల సంగతి తర్వాత చూద్దామన్నారు. ఆయన తర్వాతలో పడి తేలినవాళ్ళు లేరు.

కారిడార్‌లో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. తిరిగొచ్చేసరికి పెళ్ళికొడుకు డ్రాయర్లోంచి గాజు దిమ్మ తీసి, తుడిచి, టేబుల్ అంచున పెట్టాడు.

"మీ పెట్టె, మీ ఇష్టం" అని వెళ్ళిపోయాడు.

పెట్టాను. అద్దాన్ని ముందుకు జరిపి మళ్ళీ కుదిర్చాను. రంగు వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది.

మార్చి 7

బయాలజీ వాళ్ళు మధ్యాహ్నమంతా కూర్చున్నారు. ఏసీ నడిచింది. ఎవరో తలుపు ధడాలున వేశారు. రంగు పిసరంత కదిలి ఆగిపోయింది. చప్పట్లు కొట్టారు. పెట్టెను విప్పరట. ఇకనుంచి రోజూ వాళ్ళే వాడుకుంటారట. వెళ్తూ వెళ్తూ గాజు దిమ్మ పక్కన ఒక స్టిక్కర్ అంటించారు: దీన్ని తీయకండి. నా చివరి కొలతలకి తీయాల్సింది దాన్నే.

మార్చి 8

భోజనాల దగ్గర అత్తయ్య తినడం ఆపి నన్నే చూస్తున్నారు. ఆవిడ గ్లాసులో నీళ్ళు కదలడం లేదు.

"ఒంట్లో బాగోలేదా అమ్మా?" అన్నారు.