సగం మిగిలిన తెల్ల సంచి

అరకు లోయ,
18 నవంబరు 2024.

ఫల్గుణా,

ప్రభువు నామమున వందనాలు అని రాసి కొట్టేశాను. నీకు వందనం చెప్పడానికి చెయ్యి రాలేదు.

నా కూతురు రమణికి పేగు చిల్లుపడి ఆపరేషన్ అయ్యింది. నోట్లో గంజి కూడా పొయ్యొద్దన్నారు. మెడ నరంలోంచి తెల్ల సంచి ఆహారం ఎక్కించే పని నర్సువైన నీకు అప్పగించారు. ఎనిమిది రోజులైనా రక్తంలో మాంసకృత్తులు పెరగలేదు. డాక్టరు అనూరాధ గారు నన్ను కూర్చోబెట్టి వివరించారు. ఆల్బుమిన్ అనే మాంసకృత్తి పెరగడానికి వారాలు పడుతుందట. ప్రీ-ఆల్బుమిన్ అనే ఇంకోటి మాత్రం నాలుగైదు రోజుల్లోనే లేవాలట. జ్వరం, చీము ఉంటే అదీ పడిపోతుంది. కానీ జ్వరం దిగాక కూడా పద్నాలుగు నుంచి తొమ్మిదికి జారిందంటే తిండి లోపలికి పోవడం లేదేమోనని ఆవిడ అనుమానం.

అప్పుడు నీతో పాత గొడవ గుర్తొచ్చింది. కొండదేవత పండక్కి కోడిని కోశావని చర్చి సంఘం ముందు నిలబెట్టి నిన్ను వెలివేసింది నేనే. ఆ కక్ష నా బిడ్డ మీద తీర్చుకున్నావు. రోజూ పొద్దుటికి సంచి సగం మిగిలేది. అడిగితే, “అయ్యగారూ, నానేటీ తగ్గించనేదు. గొట్టంలో ఏటో అడ్డుంది, ఓపాలి సూడనియ్యండి” అన్నావు. నిన్ను మంచం దగ్గరకు రానివ్వలేదు.

పగ తీర్చడం దేవుడి పనని ఎన్ని సువార్త గుడారాల్లో బోధించానో! ఈసారి ఆయన కోసం ఆగలేదు. సూపరింటెండెంటుకు అర్జీ పెట్టి నిన్ను పనిలోంచి ఆపించాను. బైబిల్లో తమ్ముణ్ణి చంపినవాడిలా నువ్వు దేశదిమ్మరివై తిరగాలి. మన ఊరు పాచిపెంటలో నీ పేరెత్తితే జనం ఉమ్మాలి. అందాకా ప్రతి ఆదివారం నీ పాపం గురించే బోధిస్తాను.

నీ మేలు కోరని,
సువార్తికుడు బుధు

తా.క. ఉత్తరం మడిచాక కొత్త నర్సమ్మ దుప్పటి మార్చడానికి వచ్చింది. దిండు చాటున గొట్టానికి కట్టిన రుమాలు బయటపడింది. మొదటి రోజున సంఘమంతా చేతులుంచి ప్రార్థించిన రుమాలది. ఆహారంతోపాటు స్వస్థత కూడా లోపలికి పోవాలని నేనే కట్టాను. జారిపోకుండా రెండో ముడీ వేశాను. నర్సమ్మ విప్పగానే చుక్కలు గబగబా పడ్డాయి.

“ఇదెవలు కట్టినారు?” అంది.

నేనే కట్టానన్న జవాబు సూపరింటెండెంటుకు రాసిచ్చాను. రమణి ఇకనైనా కోలుకుంటుందో లేదో డాక్టరమ్మ చెప్పలేకపోతోంది. పైన నిన్ను తిట్టిందేదీ కొట్టెయ్యలేదు. ఆదివారం సంఘానికి రా. ఈ ఉత్తరం నువ్వే చదివి వినిపించు. నేను నిలబడతాను.